ఏల చెడినది?

విద్యావంతుడు చేతికి మసి అంటించుకొనుట చిన్నతనమని తలంచువారు మనలో ఇంకను పెక్కుమంది కలరు. యంత్రము చెడినచో పనివానికిచ్చి, అడిగిన సొమ్ము చెల్లించిన చాలునని వారి వాదము. ఎవరి వృత్తి వారిదనుట కొంతవరకు సమంజసమే. కాని, మనము వాడుకొను వస్తువు ఎట్లు పనిచేయునో బొత్తిగా ఎరుగకుండుట ధననష్టమునకే కాదు, ఒక్కొక్కప్పుడు అన్యాయమునకును దారితీయును. ఈ సంగతి నేను పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. నేను చేసిన తప్పువలన నేర్చుకొంటిని.

నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న కాలమున, మా పాఠశాల ముంగిట పచ్చిక కోయుటకు పెట్రోలుతో నడచు యంత్రమొకటి యుండెను. ఇట్టి కోతయంత్రమునకు ఆద్యుడు ఇంగ్లండు దేశీయుడగు ఎడ్విన్ బడ్డింగు. మిల్లులలో ఉన్నిబట్టపై నూగును కత్తిరించు యంత్రమును చూచి, గడ్డిని మాత్రము అట్లేల కోయరాదని యోచించి, 1830వ సంవత్సరమున అతడు పేటెంటు పొందెను. ఆనాటిది చేతితో త్రోయునది. మాది ఇంజను గలది.

వానకాలము వెళ్లిన పిమ్మట యంత్రమును కొట్టులో పెట్టుచు, "పెట్రోలు తీసివేయుదునా, అయ్యగారూ?" అని మా తోటమాలి అడిగెను. "ఏల వృథా చేయుట? ఉండనిమ్ము" అంటిని. ఏడు నెలలు గడచినవి. జూన్ మాసమున బడి తెరచునప్పటికి, త్రాడు ఎన్నిసార్లు లాగినను ఇంజను పలుకలేదు. "నీవే పాడుచేసితివి" అని పదిమంది యెదుట అతనిని గద్దించితిని. పేదవాని కోపము పెదవికి చేటను సామెత నెరిగినవాడు గాబోలు, అతడు మారుమాటాడక తల వంచుకొనెను.

మరమ్మతు చేయువారు కార్బురేటరు మార్చవలెననిరి. అది ఏల చెడినదో మాత్రము చెప్పలేదు. నాకు తెలిసికొనవలెనని పట్టుదల కలిగెను. ఆదివారమునాడు యంత్రమును మా ఇంటికి తెప్పించితిని. భౌతికశాస్త్రము బోధించు మిత్రుడు వచ్చెను. తోటమాలి సాయపడుచుండగా పెరటిలో పని మొదలిడితిమి.

కార్బురేటరు పని గాలిని, పెట్రోలును తగుపాళ్లలో కలిపి ఇంజనునకు అందించుట. తూకములో 1 పాలు పెట్రోలు చక్కగా మండుటకు ఇంచుమించు 15 పాళ్ల గాలి కావలయును. గాలి పోవు గొట్టము నడుమ ఇరుకుగా నుండును. ఆ ఇరుకున గాలివేగము హెచ్చును, ఒత్తిడి తగ్గును. ఈ ధర్మమును ఇటలీ శాస్త్రజ్ఞుడు వెంచురీ 1797లో వివరించెను. ఒత్తిడి తగ్గగానే, క్రింది గిన్నెలోని పెట్రోలు జెట్టు అను సన్నని రంధ్రముగుండ పైకెగసి తుంపరలై గాలిలో కలియును. ఆ సూదిబెజ్జము మూసికొనిపోయినచో ఇంజనునకు ఆహారము లేదు.

ఇంజను చల్లగా నున్నదని చూచుకొని, ముందుగా స్పార్కు ప్లగ్గు తీగను ఊడదీసితిమి. అట్లు చేయనిచో పొరపాటున ఇంజను కదలి, క్రింది కత్తి వ్రేళ్లను తెగగోయవచ్చును. చుట్టుప్రక్కల నిప్పు లేకుండ జాగ్రత్తపడి, పెట్రోలును డబ్బాలోనికి తీసితిమి. పానాతో రెండు నట్లు విప్పగా కార్బురేటరు చేతికి వచ్చెను. గిన్నె తెరచి చూతుము గదా, అడుగున లక్కవంటి జిగురు! దాని క్రింద లోహమును తెల్లని తుప్పు తినివేసి యుండెను.

పెట్రోలు నెలలతరబడి నిలువయున్నచో తేలిక భాగము ఆవిరియైపోవును. మిగిలినది జిగురు కట్టును. పైగా మన దేశమున పెట్రోలులో ఇథనాలు కలుపుచున్నారు. నేడది నూటికి 20 పాళ్లకు చేరినది. ఇథనాలు తేమను పీల్చుకొనును. ఆ తేమ లోహమునకు చేటు. జిగురు మాత్రమే యున్నచో కడిగిన సరిపోయెడిది. తుప్పు పట్టినది గనుక మార్చక తప్పలేదు. దోషము తోటమాలిది కాదు. "ఉండనిమ్ము" అన్న నాది.

క్రొత్త గ్యాస్కెట్లను వరుస తప్పక పెట్టి, క్రొత్త కార్బురేటరును బిగించితిమి. ఇంజను మ్రోగెను గాని, వేగము హెచ్చుచు తగ్గుచు ఊగులాడెను. మా ఇద్దరి చదువును అక్కడ ఆగిపోయెను. అప్పుడు తోటమాలి మెల్లగా, "అయ్యగారూ! ఆ సన్నని స్ప్రింగు ఇదివరకు పై బెజ్జములో ఉండెడిదండి" అనెను. ఇంజను ఆపి, స్ప్రింగును మార్చి తగిలింపగా అది నిలకడగా నడచెను. విప్పుటకు ముందు బొమ్మ గీసికొనకపోవుట మా తెలివితక్కువ. చూచినదానిని గుర్తుంచుకొనుట అతని నేర్పు. పదిమంది యెదుట గద్దించితిని గనుక, మరునాడు ఆ పదిమంది యెదుటనే అతనిని క్షమింపుమని కోరితిని.

అందరును ఇంటనే బాగుచేసికొన్నచో పనివాని బ్రతుకేమగునని కొందరు అడుగుదురు. పానా పట్టి ఎరుగనివాడు పనివానితో బేరమాడును. ఒక్కనాడైనను పట్టినవాడు అతని శ్రమకు విలువ నిచ్చును. తనకు చేతకాని పనిని అతనికే అప్పగించును. ఏమి చెడినదో చెప్పి అప్పగించును. మోసపోడు, ఊరక నిందింపడు. కావున ప్రతి పాఠశాలలోను, ప్రతి ఇంటిలోను బాలురకును బాలికలకును ఇట్టి పని కొంత నేర్పవలెనని నా అభిప్రాయము.

బాలలారా! పెట్రోలుతోడి పనికి ఒంటరిగా పూనుకొనకుడు; పెద్దలు దగ్గర నుండగా చూడుడు, అడుగుడు, పట్టుకొనుడు. మీ ఇంట ఏ వస్తువైనను చెడినప్పుడు, ఎవరు చెరచిరని అడుగుటకు ముందు, ఏల చెడినదని అడుగుడు. నేను ఆ ప్రశ్న మొదటనే అడిగియుండినచో, ఒక మంచివాడు పదిమందిలో తల వంచుకొనవలసి వచ్చెడిది కాదు.