"గ్యాసే" అని తేల్చేయడానికి మనమెవరం?



మన పండుగ సభల్లో పాటలు, నాటికలు, సన్మానాలు అన్నీ అయ్యేసరికి రాత్రి పది దాటుతుంది. అప్పుడు పులిహోర, గారెలు, బొబ్బట్లు, పైన పాయసం. పన్నెండుకు పడక. ఒంటిగంటకు గుండెల్లో మంట, పుల్లటి త్రేన్పులు, దడ. తెల్లారితే మన వాట్సాప్ గ్రూపులో "రాత్రి గ్యాస్ పట్టేసింది" అని ఇద్దరు ముగ్గురైనా రాస్తారు. కింద వాము నీళ్లు, సోడా సలహాలు వరుస కడతాయి.

చాలాసార్లు అది నిజంగా అజీర్తే. నిండా తిని వెంటనే పడుకుంటే కడుపులో ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. అరుగుదలకు పేగులకు ఎక్కువ రక్తం కావాలి కనుక గుండె కాస్త వేగంగా కొట్టుకుంటుంది. భోజనానికీ పడకకూ మధ్య రెండు మూడు గంటలు విడిచి, మంచం తలవైపు ఎత్తు పెట్టుకుంటే చాలామందికి తగ్గుతుంది.

చిక్కేమిటంటే, గుండెపోటు కూడా ఒక్కోసారి అచ్చం ఇలాగే వస్తుంది. షుగర్ ఉన్నవారిలో, ఆడవారిలో, పెద్దవయసువారిలో పెద్ద నొప్పేమీ లేకుండా వికారం, ఆయాసం, చెమటలతోనే రావచ్చు. మందు తాగితే మంట తగ్గినంత మాత్రాన గుండె బాగున్నట్టు కాదు. ఈసీజీ తీయకుండా డాక్టరే తేల్చి చెప్పలేనిదాన్ని మనం మంచం మీద పడుకుని తేల్చేస్తున్నాం.

తెలుగులో ఛాతీకీ గుండెకీ కలిపి "గుండెల్లో" అనేస్తాం. తమిళనాట స్థిరపడ్డ మనకు నెంజెరిచ్చల్ అంటే మంట, నెంజువలి అంటే నొప్పి, పడపడప్పు అంటే దడ అని బాగా తెలుసు. అయినా ఆసుపత్రిలో నర్సు అడిగితే "గ్యాస్" అనే అంటాం. అది లక్షణం కాదు, మనం ఇచ్చేసుకున్న తీర్పు. ఎప్పుడు మొదలైంది, ఎక్కడ, ఎటు పాకుతోంది, చెమట పట్టిందా: ఇవి చెబుదాం. తీర్పు వాళ్లకు వదిలేద్దాం.

ఛాతీలో బరువు, బిగింపు ఉన్నా, నొప్పి చేతికో దవడకో వీపుకో పాకినా, చల్లటి చెమట, ఆయాసం, కళ్లు తిరగడం తోడైనా తెల్లారేదాకా ఆగకూడదు. వెంటనే 108కి ఫోన్ చేయాలి. సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకూడదు. కూర్చుని విశ్రాంతి తీసుకున్నా దడ తగ్గకపోయినా, నాడి లయ తప్పినా ఆ రాత్రే చూపించుకోవాలి. మొదటి ఈసీజీ బాగున్నా రక్తపరీక్ష మళ్లీ చేస్తామంటే బిల్లు కోసమని అనుమానించవద్దు. గుండె దెబ్బతిన్న జాడ రక్తంలో కనపడడానికి కొన్ని గంటలు పట్టవచ్చు.

ఇవేవీ లేకపోయినా మంట వారానికి రెండుమూడుసార్లు వస్తున్నా, మింగడం కష్టమైనా, మలం నల్లగా వస్తున్నా డాక్టరు దగ్గరకు వెళ్లాల్సిందే. తరచూ దడ వస్తుంటే రక్తహీనత, థైరాయిడ్ కూడా చూపించుకోవాలి.

ఇవన్నీ తెలిసినవారూ ఆగిపోతున్నారు. కారణం మొహమాటం. "అర్ధరాత్రి పక్కింటివాళ్లను లేపడమా? తీరా వెళ్లాక గ్యాసే అంటే నవ్వరూ?" పిల్లలు దూరాన ఉండి ఒంటరిగా ఉంటున్న పెద్దలు మన సంఘంలో తక్కువేం లేరు. ఆసుపత్రికి వెళ్లి "ఏమీ లేదు, అజీర్తే" అనిపించుకుని రావడం నామోషీ కాదు, శుభవార్త.

కాబట్టి రెండు ప్రతిపాదనలు. ఒకటి, వచ్చే ఉగాదికి భోజనాలు ఏడున్నరకే వడ్డిద్దాం. ముందే తినేస్తే సభలో ఎవరూ కూర్చోరని కార్యవర్గం భయం. నిజమే కావచ్చు. సన్మానాలు తగ్గిద్దాం, కొన్ని ఖాళీ కుర్చీలు భరిద్దాం. రెండు, రాత్రివేళ పిలిస్తే తోడు వచ్చేవారి ఫోన్ నంబర్లు వీధివారీగా రాసి, ఒంటరిగా ఉండే ప్రతి పెద్దాయనకూ పెద్దమ్మకూ ఇద్దాం. పేరు ఇవ్వదలచినవారు ఈ వారంలోనే కార్యదర్శిగారికి చెప్పండి.