కుటుంబ ఆరోగ్యము: నడివయస్సు తల్లి దిగులుకు లెక్క ఎక్కడ?



ముట్లుడిగే వయస్సును గురించి మన ఇండ్లలో ఎవరూ పెద్దగా మాట్లాడరు. మాట్లాడినా "ఇక ఆ బాధ తప్పింది" అని ఊరుకుంటారు. కాని ముట్లు పూర్తిగా ఆగిపోవడానికి కొన్ని ఏండ్ల ముందు నుండే చాలామంది తల్లులకు రాత్రులు నిద్ర పట్టదు. ఒంట్లో నుండి వేడి ఆవిర్లు వస్తాయి. చిన్న మాటకే కన్నీరు వస్తుంది, లేదా పట్టరాని కోపము వస్తుంది. నిన్నటి వరకు ఇంటి పని, పొలము పని ఒంటి చేతిమీద నడిపిన మనిషి, ఏమీ తోచక పొయ్యి దగ్గర కూర్చుండిపోతుంది. ఇంట్లో వారు "నీకు కోపము ఎక్కువైంది" అంటారు. సంఘములో కొందరు "ప్రార్థన తగ్గింది" అంటారు. "ఇది వయస్సుతో వచ్చే మార్పేమో, డాక్టరుకు చూపిద్దాం" అనేవారు తక్కువ.

ఇందుకు మనలను మాత్రమే తప్పు పట్టనవసరము లేదు. వైద్యశాస్త్రము కూడా ఈ ప్రశ్నను చాలాకాలము పక్కన పెట్టింది. జవాబు తెలియాలంటే వేలమంది స్త్రీలను ఏండ్ల తరబడి కలుసుకోవాలి, రక్తపరీక్షలు చేయాలి, వారు చెప్పేది వ్రాసుకోవాలి. దానికి డబ్బు కావాలి. ఆ డబ్బు పెట్టిన చోట జవాబులు దొరికాయి. ఈ విషయములో అమెరికా దేశపు అనుభవము మనకు ఉపయోగపడుతుంది.

అక్కడ ఏమి జరిగింది?

1977లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ, గర్భము దాల్చగల స్త్రీలను కొత్త మందుల తొలి పరీక్షలలో చేర్చవద్దని సూచించింది. పుట్టబోయే బిడ్డలకు హాని కలుగకూడదన్నది ఉద్దేశము. కాని దాని వలన స్త్రీల శరీరము గురించి తెలియవలసినది తెలియకుండా పోయింది. 1993లో అక్కడ ఒక చట్టము వచ్చింది. ప్రభుత్వ ఆరోగ్య సంస్థల డబ్బుతో జరిగే వైద్య పరిశోధనలలో స్త్రీలను తప్పక చేర్చాలని అది చెప్పింది.

దానికి ముందే, 1991లో, ఆ సంస్థలకు మొట్టమొదటి మహిళా డైరెక్టరైన డాక్టర్ బెర్నడీన్ హీలీ ఒక పెద్ద పరిశోధన ప్రారంభింపజేశారు. దాని పేరు విమెన్స్ హెల్త్ ఇనిషియేటివ్. 50 నుండి 79 ఏండ్ల వయస్సు గల 1,60,000 మందికి పైగా స్త్రీలు అందులో చేరారు. గుండెజబ్బు, ఎముకలు విరగడం, క్యాన్సరు, ఇవి దాని ముఖ్యమైన ప్రశ్నలు. రెండు హార్మోన్లు కలిపి ఇచ్చిన భాగమును 2002 జూలైలో ఆపివేశారు. ఆ మాత్రలు వేసుకున్నవారిలో ప్రతి 10,000 మందికి ఏడాదికి 8 రొమ్ము క్యాన్సర్లు ఎక్కువగా కనిపించాయి. ఆ తరువాత అనేక దేశాలలో స్త్రీలు హార్మోను మాత్రలు మానుకున్నారు. అయితే ఆ పరీక్షలో ఉన్నవారి సగటు వయస్సు 63. ముట్లు ఆగుతూ ఉన్న 45 ఏండ్ల తల్లి మనస్సులో ఏమవుతుందన్న ప్రశ్నకు అక్కడ జవాబు దొరకదు.

ఆ ప్రశ్న అడిగింది మరొక పరిశోధన. దానిని క్లుప్తంగా "స్వాన్" అంటారు. 1994లో ప్రారంభమైంది. అమెరికా ప్రభుత్వపు వృద్ధాప్య పరిశోధన సంస్థ, మరికొన్ని ప్రభుత్వ సంస్థలు కలిసి దీనికి డబ్బిచ్చాయి. 42 నుండి 52 ఏండ్ల వయస్సు గల 3,302 మంది స్త్రీలను ఏడు చోట్ల ఎన్నుకొని, ముట్లు ఆగక ముందు నుండి ఆగిన తరువాత వరకు పదే పదే పిలిచి పరీక్షించారు. నిద్ర ఎలా ఉంది, మనస్సు ఎలా ఉంది అని ప్రతిసారీ అడిగారు.

తేలినది ఏమిటంటే, ముట్లు క్రమము తప్పే ఏండ్లలోను, ఆగిన కొత్తలోను దిగులు లక్షణాలు అంతకు ముందుకంటే పెరుగుతాయి. పూర్వము ఎన్నడూ మానసికంగా క్రుంగనివారిలో కూడా ఇది కనబడింది. ఇంతకు ముందు ఒకసారి క్రుంగినవారికి ప్రమాదము మరింత ఎక్కువ. ఈస్ట్రోజన్ అనే హార్మోను ఒకనాడు పెరిగి ఒకనాడు పడిపోతుంటే మెదడులోని రసాయనాల మీద ప్రభావము ఉంటుంది. రాత్రి చెమటలతో నిద్ర చెడితే పగలు మనస్సు నిలవదు. ఇంట్లో చావు, అప్పు, కలహము తోడైతే బరువు రెట్టింపవుతుంది. అందరికీ ఇలా జరగదు. ఎక్కువమంది ఈ ఏండ్లను క్షేమముగానే దాటుతారు. కాని క్రుంగినవారిది వేషము కాదు, బద్ధకము కాదు అని చెప్పడానికి ఇప్పుడు ఆధారము ఉంది.

ఇంత తెలిసినా అక్కడ కూడా డబ్బు నిలకడగా లేదు. 2013 నుండి 2023 వరకు ఆ దేశపు ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు పరిశోధనకు పెట్టిన డబ్బులో స్త్రీల ఆరోగ్యమునకు వెళ్లినది 8.8 శాతమేనని 2024 డిసెంబరులో ఒక జాతీయ నివేదిక తేల్చింది. ముట్లుడిగే వయస్సుకు దక్కేది అందులో ఒక చిన్న ముక్క. ఐదేండ్లలో 27.5 కోట్ల డాలర్లు ఇవ్వాలని 2024 మే నెలలో సెనేటర్లు ఒక బిల్లు తెచ్చారు. ఆ సభ కాలము ముగిసేలోగా అది చట్టము కాలేదు. 2025 ఏప్రిల్‌లో, పైన చెప్పిన పెద్ద పరిశోధన కేంద్రాల ఒప్పందాలను రద్దు చేస్తున్నట్లు ప్రకటించి, గట్టి అభ్యంతరము రాగా కొద్ది రోజులలోనే వెనక్కి తీసుకున్నారు.

మన సంగతి ఏమిటి?

స్వాన్‌లో తెల్లవారు, నల్లవారు, స్పానిష్ సంతతివారు, చైనా, జపాను సంతతివారు ఉన్నారు. భారతీయ స్త్రీలు ఒక వర్గముగా లేరు. మన స్త్రీల పరిస్థితి వేరు. అమెరికాలో ముట్లు సగటున 51 ఏండ్లకు ఆగితే, మన దేశములో 46, 47 ఏండ్లకే ఆగుతాయి. అంతకంటే ముఖ్యమైనది గర్భసంచి తీసివేసే ఆపరేషను. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 ఏండ్ల స్త్రీలలో ఈ ఆపరేషను అయినవారు దేశమంతటా 3.2 శాతము. తెలంగాణలో 7.7 శాతము, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతము. చాలామందికి ముప్పైలలోనే అయింది. దానితో పాటు అండాశయాలు కూడా తీసివేస్తే, ఏండ్ల తరబడి మెల్లగా రావలసిన మార్పు ఒక్కసారిగా మీద పడుతుంది. ఆపరేషను బల్ల ఎక్కక ముందు ఈ మాట ఎంతమందికి చెప్పారు?

ఆ సర్వే 49 ఏండ్లతో ఆగిపోతుంది. 2017–18లో 45 ఏండ్లు దాటినవారిని, వారి భార్యలను లేదా భర్తలను కలిపి సుమారు 72,000 మందిని కలిసిన "లాసీ" అనే మరొక సర్వే మనస్సు దిగులును గురించి కూడా అడిగింది. మన ప్రభుత్వముతో పాటు, స్వాన్‌కు డబ్బిచ్చిన ఆ అమెరికా సంస్థే దీనికీ కొంత ఇచ్చింది. ఇది మంచి మొదలు. కాని ముప్పై అయిదేండ్లకే గర్భసంచి పోయిన మన చెల్లెలు నలభై అయిదు వచ్చేవరకు సాధారణంగా ఆ లెక్కలోకి రాదు. ఇటువంటివారిని ఏటేటా కలిసి అడిగే పరిశోధనకు మన ప్రభుత్వాలు డబ్బు కేటాయించాలి. కంపెనీలు అమ్ముడుపోయే మందు మీదనే పరిశోధన చేస్తాయి. నిద్ర గురించి, మాటలతో చేసే చికిత్స గురించి అవి ఎందుకు ఖర్చు పెడతాయి?

మనము చేయగలిగినవి

సర్వే వారు ఇంటికి వచ్చినప్పుడు ఇల్లాలి తరఫున భర్తగాని కొడుకుగాని జవాబు చెప్పవద్దు. ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వండి. గర్భసంచి తీయాలని చెబితే, అండాశయాలు ఉంచుతారా తీస్తారా అని అడగండి, వీలైతే రెండవ డాక్టరు అభిప్రాయము తీసుకోండి. దిగులు రెండు వారాలు దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లి, ముట్లు ఎప్పుడు తప్పాయో, నిద్ర ఎలా ఉందో కూడా చెప్పండి. "బ్రతకాలని లేదు" అని ఆమె అంటే ఒంటరిగా వదలవద్దు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416. పగలు రాత్రి ఉచితముగా, తెలుగులో మాట్లాడవచ్చు.

స్త్రీల సమాజము కూడికలో ఈ పేజీని ఒకరిచేత చదివించండి. చదివిన తరువాత పెద్దవారిని మాట్లాడనివ్వండి. తమకు ఆ ఏండ్లు ఎలా గడిచాయో వారు చెబితే, ఇప్పుడు నలభైలలో ఉన్నవారికి తాము ఒంటరివారము కామని తెలుస్తుంది.