శత్రువు వాకిట్లో ముసలి రాజు

గ్రీకుల పురాణకథ అనగానే చాలామంది పిల్లలకు కొయ్యగుర్రం గుర్తుకొస్తుంది. గుర్రం కడుపులో సైనికులు దాక్కోవటం, ట్రాయ్ నగరవాసులు దాన్ని తామే కోటలోకి లాక్కుపోవటం, అర్ధరాత్రి సైనికులు బయటికి దిగి కోట తలుపులు తెరవటం మీరూ వినే ఉంటారు. చిత్రమేమిటంటే, ట్రాయ్ యుద్ధాన్ని గురించిన మహాకావ్యం “ఇలియడ్”లో ఈ గుర్రం లేనేలేదు! ఆ కావ్యం ముగిసేసరికి ట్రాయ్ కోట ఇంకా నిలిచే ఉంటుంది.

ఇలియడ్‌లో సుమారు 15,700 పాదాలున్నాయి. దాన్ని చెప్పినవాడు హోమరు అనే గుడ్డి కవి అని గ్రీకులు నమ్మారు. అది ఇప్పటికి దాదాపు 2,700 సంవత్సరాల కిందటిదని పండితుల అంచనా. అప్పటికి గ్రీకులు రాయటం నేర్చి ఎంతోకాలం కాలేదు. కథలు గాయకుల నోళ్ళలోనే ఉండేవి.

నోటితో అంత కావ్యం చెప్పటం సాధ్యమా అని మీరు అడగవచ్చు. మిల్మన్ పారీ అనే అమెరికన్ పండితుడికీ ఇదే సందేహం కలిగింది. ఆయన 1933–35 సంవత్సరాలలో యుగోస్లావియా పల్లెల్లో తిరిగి, అక్కడి పాటగాళ్ళ కథలు సేకరించాడు. 1935లో అవ్దో మెజెదోవిచ్ అనే చదువురాని మనిషి, ఏ పుస్తకమూ లేకుండా, 12,000 పాదాలు మించిన కథ చెప్పాడు. ఇలాంటివాళ్ళు కథనంతా బట్టీపట్టరు. ఛందస్సులో ఇమిడే మాటల కట్టలు వాళ్ళ నాలుక మీద సిద్ధంగా ఉంటాయి. వాటిని అల్లుకుంటూ పోతారు. హోమరు అకిలీసు పేరు ఎత్తినప్పుడు తరచుగా అతని కాళ్ళ వేగాన్ని చెప్పే విశేషణం ఒకటి తగిలిస్తూ ఉంటాడు. అతను కదలకుండా కూర్చుని ఉన్నా సరే!

ఇక కథ. ట్రాయ్ రాజకుమారుడు పారిసు, స్పార్టా రాజు భార్య హెలెన్‌ను తీసుకుపోయాడు. ఆమెకోసం గ్రీకు రాజులందరూ ఓడల మీద వెళ్ళి ట్రాయ్‌ను ముట్టడించారు. యుద్ధం పదేళ్ళు సాగింది. ఇలియడ్‌లో చెప్పినది పదో ఏట జరిగిన కొద్ది వారాల సంగతి మాత్రమే. అది ఒక మనిషి కోపం కథ.

గ్రీకు సేనలో అందరినీ మించిన వీరుడు అకిలీసు. సేనాధిపతి అగమెమ్నను నిండుసభలో అతన్ని అవమానించాడు. అకిలీసు అలిగి, యుద్ధం మానేసి, తన పాకలో కూర్చున్నాడు. గ్రీకులు వందలకొద్దీ చస్తున్నా లేవలేదు. చివరకు అతని ప్రాణమిత్రుడు పాట్రొక్లసు చూడలేక, అకిలీసు కవచమే తొడుక్కుని యుద్ధానికి వెళ్ళాడు. ట్రాయ్ వీరుడు హెక్టరు అతన్ని చంపాడు.

హెక్టరు పారిసుకు అన్న. చెడ్డవాడు కాడు. ఒకనాడు యుద్ధం మధ్య కోటలోకి వచ్చి, తన పసివాణ్ణి ఎత్తుకోబోయాడు. తండ్రి శిరస్త్రాణం మీద ఊగుతున్న గుర్రపు జూలు చూసి, పిల్లవాడు జడుసుకుని ఏడ్చాడు. హెక్టరు నవ్వి, శిరస్త్రాణం తీసి నేలమీద పెట్టి, అప్పుడు కొడుకును ముద్దాడాడు. కావ్యం నిండా ఉన్న యుద్ధాలన్నిటికన్నా నాకు ఈ ఘట్టమే బాగా గుర్తుంటుంది.

మిత్రుడు చచ్చాడని తెలియగానే అకిలీసు లేచాడు. హెక్టరును చంపాడు. అంతటితో కోపం తీరక, శవాన్ని రథానికి కట్టి ఈడ్చాడు. రోజులు గడిచినా శవాన్ని ఇవ్వలేదు.

హెక్టరు తండ్రి ప్రయాము ట్రాయ్‌కి రాజు, పండు ముసలి. ఆయనకు 50 మంది కొడుకులు. చాలామంది యుద్ధంలో పోయారు. భార్య వద్దని ఏడుస్తున్నా వినక, ఆయన బండి నిండా బంగారమూ బట్టలూ వేయించి, తోడుగా ఒక్క ముసలి సేవకుణ్ణి మాత్రం వెంటబెట్టుకుని, రాత్రివేళ శత్రుశిబిరానికి బయలుదేరాడు. దారిలో హెర్మీసు అనే దేవత పడుచువాడి వేషంలో వచ్చి, కావలివాళ్ళను నిద్రపుచ్చి, ఆయన్ను లోపలికి చేర్చాడు. అకిలీసు వాకిలి గడియ తీయటానికి మామూలు మనుషులు ముగ్గురు కావాలి.

ప్రయాము లోపలికి వెళ్ళి అకిలీసు మోకాళ్ళు పట్టుకున్నాడు. తన కొడుకులను చంపిన చేతులనే ముద్దుపెట్టుకున్నాడు. “నీకూ నాలాంటి ముసలి తండ్రి ఉన్నాడు. ఆయన్ను తలుచుకో” అన్నాడు.

అకిలీసుకు తండ్రి కళ్ళలో మెదిలాడు. ముసలివాడు కొడుకు కోసమూ, పడుచువాడు తండ్రి కోసమూ, మిత్రుడి కోసమూ ఒకే చోట కూర్చుని ఏడ్చారు. తరవాత అకిలీసు శవాన్ని వేరేచోట కడిగించమన్నాడు. కొడుకును ఆ స్థితిలో చూసి ప్రయాము ఆగ్రహిస్తే, తన కోపం మళ్ళీ రేగి ముసలివాణ్ణి చంపుతానేమోనని అతనికే భయం! అకిలీసు తన కోపాన్ని చూసి తానే జంకటం ఇప్పుడే.

ఇద్దరూ కలిసి భోజనం చేశారు. హెక్టరు అంత్యక్రియలు జరిగేదాకా, 11 రోజులు, యుద్ధం ఆపిస్తానని అకిలీసు మాట ఇచ్చాడు. ట్రాయ్ ప్రజలు హెక్టరును దహనం చేసి, ఎముకలను బంగారు పెట్టెలో ఉంచి, పైన రాళ్ళు పేర్చారు. గ్రీకు కవి తన కావ్యాన్ని అక్కడ ఆపేశాడు.

కొయ్యగుర్రం మాట “ఒడిస్సీ”లో కొంత వస్తుంది. ఆ ఉపాయం పన్నిన ఒడిస్యూసు ఇల్లు చేరటానికి మరో పదేళ్ళు పట్టింది. అతన్ని వచ్చే నెల కలుసుకుందాం.