కొడుకు వినలేని క్షమాపణ



పోయిన ఆదివారం ఆరాధన ముగిశాక ఒక యౌవనస్థుడు ఫోనులో స్పైడర్‌మ్యాన్ బొమ్మల కథ తెరిచి మాకు చూపించాడు. అలాంటివాటి జోలికి మేము వెళ్ళం. కానీ అందులోని విలన్ ఒక తండ్రి అని చెప్పేసరికి కూర్చుని విన్నాం.

ఆ తండ్రి పేరు నార్మన్ ఆస్బోర్న్, పెద్ద వ్యాపారి. 1964లో గ్రీన్ గాబ్లిన్ అనే దుర్మార్గుడిగా ఆ కథల్లోకి వచ్చాడు. కొడుకు హ్యారీ తండ్రి మెప్పు కోసం ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపోయినవాడు. 1971 నాటి కథలో హ్యారీ మత్తు మాత్రలు మింగి ఆసుపత్రి పాలవుతాడు. మంచం మీద కొడుకును చూసి ఆ గ్రీన్ గాబ్లిన్ కుప్పకూలిపోతాడు. అంత ప్రేమ ఉంది. అయినా మారలేదు. చివరికి హ్యారీ కూడా తండ్రి ముసుగే వేసుకుని, 1993 కథలో చనిపోతాడు. (ఈ కథల్లో చనిపోయినవారు మళ్ళీ మళ్ళీ తిరిగి వస్తుంటారు. ఆ లెక్క మాకు పూర్తిగా అర్థం కాలేదు.)

2020లో వచ్చిన కథలో సిన్ ఈటర్ అనేవాడు తుపాకీతో కాల్చి నార్మన్‌లోని పాపాలన్నీ తీసేస్తాడు. అప్పటినుంచి అతనికి చేసినవన్నీ గుర్తొచ్చి కాల్చేస్తుంటాయి. సంపద కోసం సొంత కొడుకు ఆత్మనే మెఫిస్టో అనే దుష్టశక్తికి అమ్మేశాడని 2021లో బయటపడుతుంది. 2022లో గోల్డ్ గాబ్లిన్ అని పేరు మార్చుకుని మనుషులను కాపాడటం మొదలుపెడతాడు. అప్పటికి హ్యారీ లేడు.

"మారిపోయాడు కదా పాస్టర్‌గారూ?" అన్నాడు అబ్బాయి. మేము ఒప్పుకోలేదు. నార్మన్ బాధ నిజమే. కానీ పాపాన్ని అతను ఒప్పుకుని విడిచిపెట్టలేదు, ఎవరో వచ్చి తీసేశారు. పైగా ఊళ్ళో వాళ్ళకు ఎంత మేలు చేసినా, కొడుకు ఎదుట నిలబడి "నేను నీకు అన్యాయం చేశాను" అనే మాట మిగిలిపోయింది. ఆ కొడుకు కోపంగా తిరిగి అనే మాటలు వినడం కూడా మిగిలిపోయింది.

దావీదు సంగతి చూడండి. పారిపోయిన అబ్షాలోమును యెరూషలేముకు రప్పించాడు గానీ, రెండేళ్ళు తన ముఖం చూడనివ్వలేదు. ఒకే పట్టణంలో తండ్రీ కొడుకులు! చివరికి ఆ కుర్రాడు యోవాబు యవల పొలానికి నిప్పు పెట్టించాడు, తన మాట ఎవరైనా వింటారని. కొడుకు చనిపోయాక దావీదు ఏడ్చిన ఏడుపు మనందరికీ తెలుసు. ఆ ఏడుపులో సగం ఆ రెండేళ్ళలో ఏడ్చి ఉంటే బాగుండేదని మాకు ఎప్పుడూ అనిపిస్తుంది.

తండ్రులం మనం క్షమాపణ అడగడానికి సిగ్గుపడతాం. పెద్దవాళ్ళం, చిన్నవాడి ముందు తలవంచడమేమిటి అనుకుంటాం. పొలం పట్టా వాడి పేరున రాస్తాం, మోటారు సైకిలు కొనిస్తాం, ఆ ఒక్క మాట మాత్రం అనం.

ఇది ఇతరులకు చెబుతున్న మాట కాదు. పట్నంలో ఉద్యోగం చేసే మా పెద్దబ్బాయి ప్రతి రాత్రి వాళ్ళమ్మకే ఫోను చేస్తాడు. "నాన్నగారు బాగున్నారా?" అని ఆమెనే అడుగుతాడు. కారణం మాకు తెలుసు. ఆరేళ్ళ క్రితం సంఘం పెద్దల ముందు వాణ్ణి మేము అనిన మాట. నిన్న రాత్రి ఫోను మోగినప్పుడు మేమే ఎత్తాం. అవతల కాసేపు ఏమీ వినిపించలేదు.