పట్టా చేతికొచ్చాక

దామెర్ల రామారావు గురించి రాసేవాళ్లు సాధారణంగా ఆయన బొమ్మలతో మొదలుపెడతారు. మనం ఈసారి కూల్డ్రే దొరతో మొదలుపెడదాం. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఆ ఆంగ్లేయుడు కుర్రాడి గీత చూసి భుజం తట్టి ఊరుకోలేదు. 1916లో బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరడానికి దారి చూపాడు. అడివి బాపిరాజు చేత కుంచె పట్టించిన గురువూ ఆయనే. అయితే రామారావు చదువు ముగించుకుని ఊరు చేరేసరికి కూల్డ్రే ఇంగ్లండు వెళ్లిపోయాడు.

అసలు కథ అక్కణ్ణుంచే. బొంబాయిలో పేరొచ్చినా రామారావు రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టుకున్నాడు. పక్కన స్నేహితుడు వరదా వెంకటరత్నం ఉన్నాడు. ఇంట్లో భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ తామూ బొమ్మలు వేస్తూ ఉన్నారు. 1925లో మశూచి ఆయన్ను 28 ఏళ్లయినా నిండకుండా తీసుకుపోయింది. బడిని వరదా వెంకటరత్నం కొనసాగించాడు, బొమ్మలు చెదిరిపోకుండా చూశాడు. ఇవాళ రాజమండ్రిలో దామెర్ల ఆర్ట్ గ్యాలరీ ఉందంటే అది జె.జె. స్కూలు ఇచ్చిన పట్టా పుణ్యం కాదు. పట్టా వచ్చాక చుట్టూ నిలబడ్డ మనుషుల పుణ్యం.

ఈ లెక్కన కోనసీమను చూడాలి. ఇక్కడ చెయ్యి తిరిగిన పిల్లలకు కరువు లేదు. అమలాపురంలో కోనసీమ చిత్రకళా పరిషత్ ఏళ్ల తరబడి జాతీయ స్థాయి పోటీలు, ప్రదర్శనలు జరుపుతోంది. పల్లెటూరి హైస్కూలు పిల్ల బొమ్మ వేరే రాష్ట్రపు చిత్రకారుడి బొమ్మ పక్కన గోడెక్కడం చిన్న సంగతి కాదు. ఆ పిల్లే డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు రాస్తుంది, పట్టుదల ఉంటే విశాఖ ఆంధ్రా యూనివర్సిటీకో హైదరాబాదుకో వెళ్లి బి.ఎఫ్.ఎ. చేస్తుంది. నాలుగేళ్ల తర్వాత అమలాపురం బస్టాండులో దిగుతుంది. ఆ దిగిన రోజు నుంచి ఆమెను ఎవరూ పట్టించుకోరు.

కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారుల ఉపకార వేతనం ఉంది: నెలకు 5,000 రూపాయలు, రెండేళ్లు. 18 నుంచి 25 ఏళ్ల లోపు వాళ్లకే. డిగ్రీ చేతికొచ్చేసరికి 22 దాటుతుంది, మిగిలేది మహా అయితే మూడేళ్లు. సంగీతం, నాట్యం, నాటకం, చిత్రకళ అన్నీ కలిపి దేశం మొత్తానికి ఏటా 400. మన పల్లెటూరి పిల్లకు ఆ దరఖాస్తు సంగతి చెప్పేవాళ్లు కావాలి ముందు. రాష్ట్రంలో లలిత కళా అకాడమీ ఉండేది. 1983లో మిగతా అకాడమీలతో పాటు దాన్నీ రద్దు చేశారు. దానికి లోపాలు లేవని కాదు, అప్పట్లో ఉన్న ఒక్క తలుపూ మూశారని బాధ.

మరి కళ నేర్చినవాళ్ల పక్కన నిలబడే పని కోనసీమలో ఎక్కడా జరగడం లేదా? జరుగుతోంది, కొత్తపేటలో. రాజ్‌కుమార్ వుడయార్ శిల్పశాల పేరు తెలియని ఊరు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ తక్కువే. మట్టి నమూనా, దాని మీద ప్లాస్టర్ అచ్చు, ఆ తర్వాత ఫైబరో కంచో: ఒక్క విగ్రహం పూర్తి కావడానికి ఎన్ని చేతులు కావాలో చూస్తే, శిల్పశాల అనేదే ఒక బడి అని తెలుస్తుంది. అక్కడ నేర్చుకునేవాడు పని చేస్తూ నేర్చుకుంటాడు. ముక్కు దగ్గర తప్పు దొర్లితే మేస్త్రీ అప్పుడే దిద్దుతాడు. అన్నిటికంటే ముఖ్యం, ఆర్డరు ఉంటుంది. ఊళ్లో కమిటీ చందాలు వేసుకుని నాయకుడి విగ్రహం చేయిస్తుంది కాబట్టి శిల్పికి పని దొరుకుతోంది.

చిత్రకారుడికి ఆ కమిటీ లేదు. ఒకప్పుడు సినిమా బ్యానర్లు, దుకాణాల బోర్డులు ఉండేవి, ఫ్లెక్సీ వచ్చి అవి పోయాయి. కథకు బొమ్మ వేయించుకుని ఒక కాపీ పంపి చేతులు దులుపుకునే సాహిత్య పత్రికలు ఇప్పటికీ ఉన్నాయి. రచయితకు సన్మానం చేసే సభలో ముఖచిత్రం వేసినవాడి పేరు చదివేవాడు ఉండడు. కళను గౌరవించడం అంటే శాలువా అని మనం అనుకున్నన్నాళ్లూ ఇది మారదు.

2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా అయింది. కలెక్టరేటు, కొత్త ఆఫీసులు, బడులు: వాటి గోడల మీద బొమ్మలు వేయాలంటే ఇక్కడి బి.ఎఫ్.ఎ. పిల్లలను పిలిచి, ముందే కూలి ఖరారు చేసి రాతకోతలతో పని అప్పగించవచ్చు. వేసవిలో ఖాళీగా ఉండే హైస్కూలు గదులు రెండు నెలలు వాళ్లకు స్టూడియోలు అవుతాయి. పరిషత్ లాంటి సంస్థలు పోటీకి వచ్చిన పిల్లల పేర్లు చిట్టాలో ఉంచుకుని, అయిదేళ్ల తర్వాత వాళ్లేం చేస్తున్నారో ఒకసారి కబురు పెట్టి అడగవచ్చు. పత్రికలు చేయాల్సింది ఇంకా తేలిక: రచన అచ్చైన నెలలోనే బొమ్మకూ డబ్బు పంపడం.