తొలిచూలు... దూరదేశం

డిసెంబరు నెల. సాయంత్రం నాలుగు కాలేదు, కిటికీ బయట చీకటి పడిపోయింది. లండన్‌కు పడమరగా రైల్లో అరగంట దూరంలో ఉన్న ఊరది. బోర్డు మీద అక్షరాలు చూసి 'రీడింగ్' అనుకున్నారు ఇద్దరూ. కాదట, 'రెడింగ్' అనాలట! ఊరి పేరు నోరు తిరిగేసరికి రెండు నెలలు గడిచాయి. మూడో నెలలో ఆమె నెల తప్పింది.

గుంటూరులో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. విషయం విని అమ్మ ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. వెంటనే రెండు ప్రశ్నలు వేసింది. 'వాంతులవుతున్నాయా తల్లీ?', 'పురిటికి ఎప్పుడొస్తున్నావు?'

మొదటిదానికి జవాబుంది. రెండోదానికే లేదు.

తొలికాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో వచ్చి తీసుకెళ్తారు. ఆ తర్వాత ఆ అమ్మాయి ఏమీ అడగనక్కర్లేదు. అడగకముందే కాళ్లకింద పీట, చేతికి వేణ్నీళ్లు వస్తాయి. కానీ ఈ జంట లెక్క వేరు. నెలలు నిండాక విమానం ఎక్కనివ్వరు కాబట్టి ముందే బయల్దేరాలి. బిడ్డ పుట్టాక పాస్‌పోర్టు, ఆపైన వీసా. అవన్నీ అయ్యేదాకా తండ్రి బిడ్డను ఫోన్లోనే చూసుకోవాలి. 'ఇక్కడే కంటాను' అంది ఆమె. అన్నంత తేలిక కాదని తర్వాత తెలిసింది.

డాక్టరమ్మ ఎక్కడ?

గుంటూరులో అయితే కొత్తపేటలో అమ్మకు తెలిసిన డాక్టరమ్మ ఉంది. నెలనెలా చూపించుకోవడం, స్కానింగు, ఫీజు... అంతా తెలిసిన దారే. ఇక్కడ మొదట కనిపించింది మిడ్‌వైఫ్. ఆ మాటకు మన దగ్గర మంత్రసాని అని అర్థం చెప్పేస్తాం. నిజానికి ఆమె మూడేళ్ల డిగ్రీ చదివి, లైసెన్సు పుచ్చుకుని వస్తుంది. ఇబ్బందులేవీ లేకపోతే కాన్పు కూడా ఆమే చేస్తుంది. డాక్టరు ముఖం చూడకుండానే బిడ్డను ఎత్తుకుని ఇంటికెళ్లిన తల్లులు అక్కడ బోలెడంతమంది.

పది వారాలు నిండేలోపే మొదటిసారి కలవాలి. జీపీ ద్వారానే వెళ్లనక్కర్లేదు, నేరుగా ఆస్పత్రి మిడ్‌వైఫ్ విభాగానికి పేరు ఇచ్చుకోవచ్చు. తొలిచూలుకు మొత్తం పదిసార్ల దాకా చూస్తారు. మామూలుగా స్కాన్లు రెండే... పన్నెండో వారం అటూ ఇటూగా ఒకటి, ఇరవయ్యో వారంలో ఒకటి. 'రెండేనా? డబ్బులు కట్టినా తీయరా?' అని అమ్మ ఆశ్చర్యపోయింది. కౌంటర్లో డబ్బులు కట్టే పనే లేదు. వీసా తీసుకునేటప్పుడే ఆరోగ్య రుసుం కట్టించుకుంటారు. 2024 ఫిబ్రవరిలో దాన్ని పెద్దవాళ్లకు తలకు ఏడాదికి 1,035 పౌండ్లు చేశారు. గర్భిణికి మందుల చీటీ ఉచితం. కాన్పయ్యాక ఏడాది వరకూ అంతే.

భర్త బయట... ఆమె లోపల

మొదటిరోజు మిడ్‌వైఫ్ కంప్యూటరు ముందు కూర్చుని గంటసేపు ప్రశ్నలడిగింది. అమ్మకు సుగరుందా? నాన్నకు బీపీ ఉందా? మేనరికమా? మధ్యలో ఆగి, 'మీవారు కాసేపు బయట కూర్చుంటారా?' అంది. అతను తెల్లబోతూ లేచాడు.

తలుపు వేశాక అడిగింది. ఇంట్లో భయంగా ఉంటుందా? ఎవరైనా చెయ్యి చేసుకుంటారా? ఈ నెలరోజుల్లో దిగులుగా, దేనిమీదా ఆసక్తి లేనట్టు అనిపించిందా?

ఆమెకు ముందు కోపం వచ్చింది. మావారి గురించి ఇలా అడుగుతారేమిటి అనుకుంది. ఇది అందరినీ అడిగే ప్రశ్నేనని, అందుకే భర్తను బయటికి పంపుతారని మిడ్‌వైఫ్ చెప్పింది. ఇంగ్లిషు రానివారికి ఆస్పత్రే దుబాసీని ఏర్పాటు చేస్తుంది. భర్తతోనో అత్తగారితోనో చెప్పించరు, ఇందుకే.

'అంతా బాగానే ఉంది' అని చెప్పి బయటపడింది ఆమె. తిరిగొచ్చేటప్పుడు బస్సులో భర్త, 'నన్నెందుకు పంపేశారు?' అని పదిసార్లు అడిగాడు. ఆమె మనసులో మరో ప్రశ్న తిరుగుతోంది. దిగులుగా ఉందా అని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అమ్మ తిన్నావా అంటుంది. అత్తయ్య జాగ్రత్త అంటుంది. అతను అలసిపోయావా అంటాడు. మరి తాను ఎందుకు నిజం చెప్పలేదు?

హైదరాబాదులో ఆమెది మాదాపూర్ ఉద్యోగం. రోజుకు నలభైమందితో మాట్లాడేది. ఇక్కడికొచ్చాక ఉద్యోగం వెతుక్కుంటూండగానే వేవిళ్లు మొదలయ్యాయి. పొద్దున ఎనిమిదికి అతను వెళ్తే మళ్లీ ఆరింటికి. ఆ మధ్యలో మనిషి గొంతు వినిపించేది టీవీలోనే. కొన్ని రోజులు ఉత్తి పుణ్యానికి ఏడుపొచ్చేది. అమ్మకు చెబితే కంగారుపడుతుంది. అతనికి చెబితే, 'ఇండియా వెళ్తావా?' అంటాడు. అందుకే ఎవరికీ చెప్పలేదు.

మార్చిలో మళ్లీ అదే గది, అదే ప్రశ్న. ఈసారి, 'పగలంతా మాట్లాడే మనిషి లేదు. నిద్ర పట్టడం లేదు' అనేసింది. ఆకాశం ఊడిపడలేదు. మిడ్‌వైఫ్ రాసుకుంది. కౌన్సెలింగుకు డాక్టరు చీటీ లేకుండానే పేరు ఇచ్చుకోవచ్చని, గర్భిణులకు త్వరగా పిలుపు వస్తుందని చెప్పింది. కాన్పుకు సిద్ధమయ్యే వాళ్లకు పెట్టే క్లాసుల వివరాలు ఇచ్చింది. ఆ రాత్రి ఆమె భర్తకూ చెప్పింది. అతను ఇండియా మాట ఎత్తలేదు. వారంలో రెండు రోజులు ఇంటి నుంచే పని చేస్తానని ఆఫీసులో అడిగి ఒప్పించుకున్నాడు.

'అక్కడ చెబుతారటగా?'

ఇరవయ్యో వారం స్కాన్. తెర మీద చిన్న వెన్నెముక, ముత్యాల దండలా. అప్పుడే స్కాన్ చేసే అమ్మాయి మామూలుగా అడిగింది... 'బాబో పాపో తెలుసుకోవాలనుందా?'

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. మన దగ్గర 1994 చట్టం ప్రకారం అది చెప్పడం నేరం. స్కానింగ్ గది గోడ మీద బోర్డు చూస్తూ పెరిగినవాళ్లం. అక్కడ మాత్రం చాలా ఆస్పత్రుల్లో కోరితే చెబుతారు. 'వద్దు' అంది ఆమె. సాయంత్రం అత్తయ్య ఫోను. 'అక్కడ చెబుతారటగా?' 'మేం అడగలేదత్తయ్యా. బిడ్డ ఆరోగ్యంగా ఉందని చెప్పారు' అంది. అవతల ఒక్క క్షణం మౌనం. 'మంచిపని చేశావులే' అంది అత్తయ్య. నిజంగానే అందో, సర్దుకుని అందో... ఆ మాట చాలనుకుంది ఆమె.

మే నెలలో చక్కెర నీళ్లు తాగించి పరీక్ష చేశారు. మన ఉపఖండం వాళ్లకు గర్భంతో సుగరు వచ్చే అవకాశం ఎక్కువని అక్కడ తప్పకుండా చేస్తారు. వచ్చింది. రోజుకు నాలుగుసార్లు వేలు గుచ్చుకోవడం, మరికొన్ని స్కాన్లు. డైటీషియన్ ఇచ్చిన కాగితంలో బంగాళాదుంప, బ్రెడ్డు, పాస్తా ఉన్నాయి. పెసరట్టు లేదు. ఆమె తానే ఓ జాబితా రాసి పట్టుకెళ్లింది. అన్నం ఎంత, పప్పెంత, రాగి జావ తాగొచ్చా అని కూర్చుని లెక్క తేల్చుకుంది. 'ఇద్దరి తిండి తినాలమ్మా' అనే అమ్మకు ఆ లెక్క అర్థం చేయించడమే పెద్దపని అయింది.

ఉగాది నాడు పరిచయమైన తెలుగు ఆడవాళ్లే సీమంతం చేశారు. గాజులు సౌతాల్ నుంచి తెచ్చారు. రెడింగ్ నుంచి నేరుగా రైలుంది. ఒకావిడ తడిబియ్యం మిక్సీ పట్టి బెల్లం చలిమిడి చేసి తెచ్చింది. సుగరు కదా, గోరంత నోట్లో పెట్టి, 'కడుపు చల్లగుండాలి' అంది. అమ్మ ఆ వేడుకంతా ఫోన్లో చూసింది.

అమ్మ వచ్చింది

జులైలో అమ్మ దిగింది. సందర్శకుల వీసా, ఆర్నెల్లు ఉండొచ్చు. పెట్టెలో వాము, శొంఠి, సాంబ్రాణి, మెత్తబడిన పాత నూలు చీరలు. నెయ్యి, పాలకోవా మాత్రం తీసేయించింది కూతురు. పాల పదార్థాలు ఆ దేశంలోకి రానివ్వరు.

ఆగస్టులో పాప పుట్టింది. నొప్పులు పడుతున్నంతసేపూ భర్త పక్కనే ఉన్నాడు. మర్నాడే ఇంటికి పంపేశారు. 'నిన్న కని ఇవాళ ఇంటికా!' అని అమ్మ గుండెలు బాదుకుంది. ఆ మర్నాడు మిడ్‌వైఫ్ ఇంటికే వచ్చింది. తల్లిని, బిడ్డను చూసి, పాలు పడుతున్నాయా అని కనుక్కుని వెళ్లింది. మళ్లీ వచ్చింది. 'ఇది బాగుంది' అని అమ్మ ఒప్పుకుంది.

ఒప్పుకోని విషయాలూ ఉన్నాయి. తేనె నాకించొద్దన్నారు. ఏడాదిలోపు పిల్లలకు అందులోని క్రిములు ప్రమాదం. కాటుక వద్దు, అందులో సీసం ఉండొచ్చు. పక్కలో కాదు, అదే గదిలో వేరే తొట్లో, వెల్లకిలా పడుకోబెట్టాలి. సాంబ్రాణి వేస్తే పొగ అలారం మోగి ఇల్లంతా అదిరింది. 'నేను నిన్ను పెంచలేదా?' అంది అమ్మ, కళ్లనీళ్లతో. కూతురు వాదించలేదు. ఒక్కోటీ ఎందుకో చెప్పింది. పాత చీరలు ఉన్నాయి. ఒంటికి నూనె, బాలింతకు వాము, వెల్లుల్లి కారం ఉన్నాయి. దిష్టిచుక్క తొట్టి కాలికి పెట్టుకోమంది. అమ్మ పెట్టింది కూడా!

ఇరవై ఒకటో రోజున బారసాల. అక్కడ 42 రోజుల్లోగా జననం నమోదు చేయించాలి. పేరు వేళకే కుదిరింది. ఆ గడ్డ మీద పుట్టినంతమాత్రాన బ్రిటిష్ పౌరసత్వం రాదు. తల్లిదండ్రుల్లో ఒకరు ఆ దేశ పౌరులో, అక్కడ శాశ్వతంగా స్థిరపడినవారో అయి ఉండాలన్నది 1983 నుంచి ఉన్న నిబంధన. భారత హైకమిషన్‌లో ఏడాదిలోగా నమోదు చేయించి, పాపకు మన పాస్‌పోర్టే తీసుకున్నారు.

తండ్రి సెలవు రెండు వారాలతో అయిపోయింది. జనవరిలో అమ్మ వెళ్లిపోయింది. విమానాశ్రయం నుంచి తిరిగొచ్చిన రోజు ఆమె బాగా ఏడ్చింది. ఆ వారమే పాపను చూడటానికి వచ్చిన హెల్త్ విజిటర్, బరువు రాసుకున్నాక, 'మీరెలా ఉన్నారు?' అంది. 'దిగులుగా ఉంది. అమ్మ వెళ్లింది' అంది ఆమె, ఏమాత్రం తడుముకోకుండా.

మళ్లీ ఉగాది వచ్చింది. పచ్చడి పంచుతున్న చోట గోడవారగా కొత్తమ్మాయి ఒకతె నిలబడి ఉంది. వచ్చి నెలన్నరైందట. నాలుగో నెలట. అందరూ 'బాగున్నావా?' అంటున్నారు, ఆ అమ్మాయి 'బాగున్నానండీ' అంటోంది. ఈమె పాపను భర్తకిచ్చి దగ్గరకెళ్లింది.

"నిద్ర పడుతోందా?" అని అడిగింది. "పగలు ఇంట్లో ఎవరైనా ఉంటారా?"

ఆ అమ్మాయి ఏమీ అనలేదు. కళ్లు మాత్రం నిండాయి.

"మా ఇల్లు రెండు స్టాపుల అవతలే" అంది ఈమె. "రేపు పొద్దున్నే వచ్చెయ్. పెసరట్లు పోస్తాను."