దాహం వేయని వయసు

‘నీళ్లు తాగుతున్నావా అమ్మా?’ అని ఫోన్లో అడుగుతారు మీరు. ‘ఆ, తాగుతున్నానులే’ అంటుంది ఆవిడ. అది అబద్ధమేమీ కాదు. పొద్దున బీపీ మాత్రతో అర గ్లాసు, భోజనంలో ఒక గ్లాసు, సాయంత్రం కాఫీ. ఆవిడ లెక్కలో తాగినట్టే. ఇంకా తాగాలని ఆవిడకు తోచదు, ఎందుకంటే దాహం వేయదు.

ఇదే అసలు చిక్కు. వయసు పైబడేకొద్దీ ఒంట్లో నీరు తగ్గినా ఆ సంగతి మెదడుకు సరిగా తెలియదు. చెమట పట్టడం తగ్గుతుంది. వేడి రక్తాన్ని చర్మం దాకా పంపి ఒంటిని చల్లబరచాలంటే గుండె ఎక్కువ పనిచేయాలి. డెబ్బై ఏళ్ల గుండెకు అంత ఓపిక ఉండదు.

వడదెబ్బ అనగానే మనకు నడిరోడ్డు మీద పడిపోయిన మనిషి గుర్తొస్తాడు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేల మందికి పైగా వడగాలులకు బలైనప్పుడు, వారిలో ఎండలో పనిచేసే కూలీలతో పాటు వృద్ధులూ ఉన్నారు. గడప దాటకపోయినా వడదెబ్బ తగులుతుంది. పైఅంతస్తులో ఉంటే స్లాబు పగలంతా పీల్చుకున్న వేడిని రాత్రంతా గదిలోకి వదులుతూనే ఉంటుంది. అలాంటి రాత్రులు వరసగా మూడు నాలుగు వస్తే పెద్దవాళ్ల ఒంటికి తేరుకునే వ్యవధే దొరకదు.

నీళ్లు తాగమని పోరే ముందు ఒకసారి బాత్రూముకు వెళ్లే దారి చూడండి. చాలామంది పెద్దలు నీళ్లు తగ్గించడానికి కారణం బద్ధకం కాదు. మోకాళ్ల నొప్పులతో మాటిమాటికీ లేవలేక. ప్రొస్టేట్ సమస్య ఉండి. రాత్రి చీకట్లో జారి పడతామన్న భయంతో. ఈ మాట కొడుకుతో, కోడలితో చెప్పడానికి మొహమాటం! మంచం పక్కన అందేలా స్విచ్చి, దారిలో చిన్న లైటు, గోడకు పట్టుకునే కడ్డీ, తడి లేని నేల ఏర్పాటు చేస్తే వాళ్లే ఇంకో గ్లాసు తాగుతారు. తాగేదంతా సాయంత్రం ఆరు లోపే ఎక్కువగా పూర్తయ్యేలా చూస్తే రాత్రి లేవడమూ తగ్గుతుంది. ‘తాగావా?’ అని అడిగే బదులు పొద్దున్నే ఒక సీసా నింపి పెట్టి, మధ్యాహ్నానికి ఎంత మిగిలిందో చూడండి. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తోందంటే నీరు చాలనట్టే.

అలాగని అందరికీ ఒకే కొలత పనికిరాదు. గుండె బలహీనంగా ఉన్నవారికి, కిడ్నీ జబ్బు ఉన్నవారికి రోజుకు ఎన్ని నీళ్లో డాక్టరే చెప్పాలి. బీపీకి, కాళ్ల వాపులకు వాడే నీళ్ల మాత్రలు ఒంట్లోని నీటిని, సోడియంను బయటకు పంపుతాయి. వాటికి ఎండ తోడైతే బీపీ పడిపోయి, మంచం మీంచి లేవగానే కళ్లు తిరుగుతాయి. పడితే తుంటి విరుగుతుంది. వేసవిలో ఇళ్లలో తరచూ వినిపించే ‘సోడియం తగ్గిందట’ అన్న మాట వెనక ఈ మాత్రలు ఉండొచ్చు. మానసిక సమస్యలకు, పార్కిన్సన్స్‌కు వాడే కొన్ని మందులు చెమటనే తగ్గిస్తాయి. మీ అంతట మీరు ఏ మాత్రా ఆపకండి. ఎండలు ముదరకముందే మందుల చీటీ తీసుకెళ్లి, వేసవికి ఏమైనా మార్చాలా అని అడగండి.

మజ్జిగ, గంజి, కొబ్బరినీళ్లు, తాటి ముంజలు మంచివే. బీపీ ఉన్నవారి మజ్జిగలో ఉప్పు చేయి జారనివ్వకండి. ఓఆర్ఎస్ అవసరమైతే మందుల షాపులో దొరికే పొడి ప్యాకెట్టునే, దాని మీద రాసిన కొలత ప్రకారం నీటిలో కలపండి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలకు ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబరులో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. హైదరాబాద్‌కు చెందిన ఓ పిల్లల డాక్టరమ్మ ఏళ్ల తరబడి చేసిన పోరాటం అందుకు కారణం.

ఏసీ ఉండీ వేసుకోని పెద్దలను ఏమనాలి? ‘ఒక్కదానికి అంత కరెంటా!’ అంటారు. 27 డిగ్రీల మీద పెట్టి ఫ్యాను కూడా తిప్పితే బిల్లు భయపడినంత రాదని చెప్పండి, లేదా ఈ రెండు నెలల బిల్లు మీరే కట్టేయండి. గది వేడి 40 డిగ్రీలు దాటితే ఉత్త ఫ్యాను వేడి గాలినే ఒంటికి కొడుతుంది. తడి తువ్వాలుతో ఒళ్లు తుడిచి ఫ్యాను కింద కూర్చోబెట్టాలి. కూలరు తెలంగాణ, రాయలసీమల పొడి ఎండకు బాగా పనిచేస్తుంది. కోస్తా ఉక్కపోతలో కిటికీలు మూసి పెడితే ఇంకా ఉడికిస్తుంది.

వేసవి ముహూర్తాల గురించి కూడా ఒక మాట. పట్టుచీరలో, కిక్కిరిసిన ఫంక్షన్ హాల్లో, రెండో బంతి కోసం మధ్యాహ్నం దాకా ఎదురుచూసే అమ్మమ్మను ఎవరూ పట్టించుకోరు. ఆవిడను సాయంత్రం రిసెప్షన్‌కు తీసుకెళ్తే బంధుత్వాలేం చెడిపోవు.

ఉన్నట్టుండి మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా చాదస్తమనుకోవద్దు. ఒళ్లు కాలిపోతుంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. అంబులెన్సు వచ్చేదాకా ఊరుకోకుండా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరండి. చంకల్లో, గజ్జల్లో, మెడ దగ్గర గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్లు పోయకండి. ఇది మామూలు జ్వరం కాదు, పారాసెటమాల్‌తో తగ్గదు.

మీరు బెంగళూరులోనో, డాలస్‌లోనో ఉండి అమ్మానాన్నలు ఊళ్లో ఉంటే, పక్కింటివారి నంబరు మీ ఫోన్లో ఉందా? మధ్యాహ్నం మూడింటికి ఒకసారి తలుపు తట్టి పలకరించమని వారిని ఈ రోజే అడగండి.